హైదరాబాదు రాష్ట్ర ప్రథమ శాసనసభయు ధరూరు సీమయు (1952–1956)

ధరూరు గ్రామము కృష్ణకు దక్షిణముగ, గద్వాలకుఁ జేరువగ నున్నది. నేఁడది జోగులాంబ గద్వాల జిల్లాలో మండలస్థానము. జూరాల ఆనకట్ట యున్న రేవులపల్లి యీ మండలములోనిదే. 1952వ సంవత్సరమున హైదరాబాదు రాష్ట్రమునకుఁ బ్రథమశాసనసభ యేర్పడినప్పుడు మాత్ర మీ సీమ తెలంగాణపు జిల్లాలలోఁ జేరియుండలేదు. గద్వాల, ఆలంపురము తాలూకాలు రెండును నాఁడు రాయచూరు జిల్లాలోనివి. ఆ సభనుగూర్చి వ్రాసినవారు పెక్కుర రీ యంశమును గమనింపక, తెలుఁగుజిల్లా లెనిమిది, మరాటీజిల్లా లైదు, కన్నడజిల్లాలు మూఁడు నని పంచి, సభ్యులను గూడ నట్లే లెక్కించిరి. ఈ లెక్కలో రాయచూరు కన్నడసీమ. అందుఁ దెలుఁగు మాటాడు ధరూరువాఁడు కన్నడజిల్లా ప్రజ యయ్యెను. ఆ సభ నాలుగున్నర యేండ్లకుఁ బైఁబడి సాగి, రాష్ట్రముతోఁగూడ నంతరించునప్పటి కీ సీమ యే రాష్ట్రమునఁ జేరవలయునను ప్రశ్న పైకి వచ్చినది. కావున నా సభ యెవరితో నిండినది, దాని నెవరు నడపిరి, దాని మాటకుఁ గల విలువ యెంత యను విషయములను ధరూరువైపునుండి చూచుట యనుచితము కాదు.

అంతకుముందు నైజాము రాజ్యమున శాసననిర్మాణసభలు లేకపోలేదు. 1893 నుండియు నేదో యొక రూపమున నొక సభ యుండెను. 1937లో నియమింపఁబడిన అరవముదు అయ్యంగారి సంఘము చేసిన సూచనల ననుసరించి 1939లో సంస్కరణములు ప్రకటింపఁబడెను. అవి ప్రజాప్రాతినిధ్యమనఁదగినవి కావు. అధికార మంతయుఁ బ్రభువునందే నిలిచియుండెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు మున్నగు సంస్థానముల ప్రజల కా ప్రభువునకును దమకును నడుమ మఱియొక ప్రభువుండెను. విద్వద్గద్వాల యని పేరొందిన గద్వాల సంస్థానమునఁ బండితునకు సత్కారము గలదు, కవికి వార్షికము గలదు. రైతునకు సభలోఁ జోటు లేదు. ఇది సంస్థానాధిపతులను నిందించుటకుఁ జెప్పినది కాదు, కాలస్థితి యట్టిది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలముతో గద్వాల పాలన ముగిసినది. 1949లో జాగీరులతోపాటు సంస్థానములును రద్దయ్యెను. 1948 సెప్టెంబరులో భారతసేన ప్రవేశించిన పిదప సైనికపాలనయు, 1950 జనవరి నుండి వెల్లోడిగారి ముఖ్యమంత్రిత్వమును నడచినవి. ఆ మంత్రివర్గమునఁ గాంగ్రెసు పక్షమునుండి చేర్పఁబడినవారిలో బూర్గుల రామకృష్ణారావుగా రొకరు.

1952వ సంవత్సరపు సార్వత్రికనిర్వాచనమునఁ బ్రాయము వచ్చిన స్త్రీపురుషు లందఱును మొదటిసారిగా నోటు వేసిరి. సభ్యుల సంఖ్య 175. అందుఁ గాంగ్రెసు 93, ప్రజాస్వామ్యకూటమి 42, సోషలిస్టులు 11, రైతుకార్మికపక్షము 10, షెడ్యూల్డు కులముల సమాఖ్య 5, స్వతంత్రులు 14 స్థానములు పొందిరి. కమ్యూనిస్టు పక్షముపై నాఁటికి నిషేధ ముండుటచేత దానివారు ప్రజాస్వామ్యకూటమి యను పేర నిలిచిరి. ఈ సంఖ్యలను బాఠశాలలలోఁ గంఠస్థము చేయింతురు గాని వానిని గూడి తీసివేసి చూపుట యరుదు. సగమునకు మించుటకు 88 వలయును. కాంగ్రెసున కున్నవి 93. సభాధ్యక్షుఁ డొకఁడు పక్షమునుండి వేఱుపడఁగా మిగిలినవి 92, ఎదుటివారు 82. పదిమంది తేడా. ఇంత సన్నని యాధిక్యముతో నేర్పడిన మంత్రివర్గము కడదాఁక నిలిచినదన్న నెదుటిపక్షములలో నైక్యము లేమియు, ముఖ్యమంత్రి యొక్క సామరస్యబుద్ధియు రెండును గారణములు. రెండవదియే ప్రబలమని నా యభిప్రాయము.

స్థానములు 175 అయినను నియోజకవర్గములు 142 మాత్రమే. 109 ఏకసభ్యములు, 33 ద్విసభ్యములు. ద్విసభ్య మనునది బహువ్రీహి. ఇద్దఱు సభ్యులు దేనికిఁ గలరో యది. ఇట్టి నియోజకవర్గములలో నొకస్థానము సామాన్యముగ షెడ్యూల్డు కులములవారికి ఱక్షితము. ఓటరునకు రెండోట్లుండును, రెండును నొక్కనికే వేయరాదు. సంస్థానములలోను జాగీరులలోను దొరయెదుటఁ గూర్చుండ నర్హత లేనివారు ముప్పదిమందికిఁ బైఁగా దొరతోడి సమానాసనమున సభలోఁ గూర్చుండిరి. ఈ యొక్క సంగతి చాలు, పూర్వపుసభలకును దీనికిని గల భేదము తెలియుటకు. సభయందు సాధువైనవాఁడు సభ్యుఁడని వైయాకరణులు వ్యుత్పత్తి చెప్పుదురు. సాధుశబ్ద మిచట యోగ్యుఁడను నర్థమున వచ్చినది. యోగ్యతను వంశముచేతఁ గాక యోటుచేత నిర్ణయించుట కిది మొదలు. స్త్రీలలో ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవిగారును, నగరమునుండి మాసూమా బేగముగారును సభకు వచ్చిరి. మొదటివారు సాయుధపోరాటమున నుండి వచ్చినవారు. రెండవవా రనంతరము ఆంధ్రప్రదేశమున మంత్రిణి యైరి.

1952 మార్చి 6వ తేదీన బూర్గులవారు ముఖ్యమంత్రి యైరి. షాద్‌నగరమునుండి యెన్నికైనవారు, పాలమూరు జిల్లావారు. వారు న్యాయవాదులు, బహుభాషావేత్తలు, కవులు. జగన్నాథపండితరాయల లహరుల ననువదించి పండితరాజపంచామృతము వెలయించినవారు, సౌందర్యలహరిని దెనిఁగించినవారు. వ్యాకరణము చదివిన మావంటివారికిఁ దమవాఁ డొకఁడు రాజ్యాధికారమున నున్నాఁడను గర్వము గలుగుట సహజమే గాని, చరిత్రవ్యాసమున దానికిఁ దావు లేదు. సభాధ్యక్షుఁడు కాశీనాథరావు వైద్యగారు, మహారాష్ట్రులు, నగరమున న్యాయవాదులుగఁ బ్రసిద్ధులు. ఉపాధ్యక్షుఁడు పంపనగౌడగారు కన్నడిగులు. ఈ మూఁడు పదవులు మూఁడు భాషలవారికి వచ్చుట యాదృచ్ఛికము కాదు. త్రిభాషారాష్ట్రము నడువవలయునన్నఁ బంపక మట్లుండక తప్పదు. మంత్రులలోను నీ పంపకమే కానవచ్చును. హోముశాఖ మరాటీవాఁడలవారైన దిగంబరరావు బిందుగారిది, ఆర్థికము డాక్టరు మేల్కోటెగారిది, ప్రజాపనులు మెహదీ నవాజు జంగుగారివి, కార్మికశాఖ వి. బి. రాజుగారిది. తెలుఁగువారిలో వయోవృద్ధులు కొండా వెంకటరంగారెడ్డిగారు. పిన్నవారు మఱ్ఱి చెన్నారెడ్డిగారు, ముప్పదిమూఁడేండ్ల ప్రాయమున వ్యవసాయశాఖ వహించిరి. ఈ యిరువురి పేళ్లును మరల వచ్చును.

ప్రతిపక్షనాయకుఁడు వి. డి. దేశపాండేగారు. పేరునుబట్టి మహారాష్ట్రులు, ఎన్నికైన చోటు తెలుఁగుసీమలోని ఇప్పగూడెము. దీనిని విశేషముగఁ జెప్పవలసియున్నది. భాషాభేదము నాఁటి రాజకీయమున నెల్లెడలను గోడగా లేదు. భూమికొఱకుఁ బోరాడినవానికిఁ దెలుఁగురైతు మరాటీవాఁడని చూడక యోటు వేసెను. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి దేశమంతటిలో నెక్కువ యోట్లు పొంది లోకసభకుఁ బోయిరి. ఆ ఫలితమే శాసనసభలోఁ బ్రజాస్వామ్యకూటమి నలువదిరెండు స్థానములకును మూలము. ఉర్దూకవి మఖ్దూం మొహియుద్దీనుగారు హుజూర్‌నగరపు టుపనిర్వాచనమున గెలిచి సభకు వచ్చిరి.

ఈ సభ్యులలోని తెలుఁగుపెద్దలు పరస్పరము క్రొత్తవారు కారు. 1921లో నగరమందలి వివేకవర్ధినీ సభలో అలంపల్లి వెంకటరామారావుగారు తెలుఁగున మాటాడఁబోవఁగా నితరభాషలవారు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్రమహాసభ యయ్యెను. 1930లో జోగిపేటలోఁ జేరిన మొదటి మహాసభకు సురవరము ప్రతాపరెడ్డిగారును, 1931లో దేవరకొండ సభకు బూర్గులవారును, 1936లో షాద్‌నగరము సభకుఁ గొండా వెంకటరంగారెడ్డిగారును నధ్యక్షులు. 1941లోఁ జిలుకూరి సభకు రావి నారాయణరెడ్డిగారు. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగఁ జీలినది. 1952 నాఁటి సభలో మంత్రులు గూర్చుండు బల్లలకును బ్రతిపక్షము బల్లలకును నడుమ నున్న యెడము భువనగిరిలోనే యేర్పడినదనుట సాహసము కాదు. గ్రంథాలయములలోఁ బెరిగిన ఉద్యమ మొకటి శాసనసభలో నెదురెదురుగఁ గూర్చున్నది.

ఇందు సురవరమువారి యునికి మన సీమకు ముఖ్యము. వారి స్వగ్రామము ఇటికాలపాడు ఆలంపురము తాలూకాలోనిది, అనఁగా నాఁటి రాయచూరు జిల్లాలోనిది. వారు 1952లో నెన్నికైనది కృష్ణ కావలియొడ్డున నున్న వనపర్తినుండి, అనఁగా మహబూబునగరము జిల్లానుండి. గ్రామ మొక జిల్లా, ప్రాతినిధ్య మొక జిల్లా. ఏటి కీవలావలఁ బ్రజ యొక్కటే యనుటకు నిదర్శనము వేఱుగ నక్కఱలేదు. నైజాము రాజ్యమునఁ దెలుఁగుకవులు లేరన్న యాక్షేపమునకు 1934లో గోలకొండకవుల సంచికను బ్రకటించి 354 మంది కవులను జూపినవారు వీరు. 1926 నుండి గోలకొండపత్రికను నడపినవారు. ఆంధ్రుల సాంఘికచరిత్రము 1949లో వెలువడినది. రాజుల వంశవృక్షముల నెఱుఁగుటయే చరిత్ర యనుకొనిన పాఠకులకుఁ బ్రజల కూడు, గుడ్డ, ఆటపాటలు చరిత్ర యగునని చూపినది. అట్టివారు శాసనసభలో నున్నది యేఁడాదిన్నర లోపలనే. 1953 ఆగస్టు 25వ తేదీన వారు దివంగతులైరి. కేంద్రసాహిత్య అకాడమి తెలుఁగునకు మొదట 1955లో నిచ్చిన పురస్కారము ఆ గ్రంథమునకే, వారి మరణానంతరము. శాసనసభ్యత్వము వారి జీవితమునఁ జిన్నపుట. ఆ సభకు మాత్ర మది పెద్దపుట.

సభలో భాషావ్యవహారము పండితులు పరిశీలింపఁదగినది. రాజ్యాంగము ననుసరించి, హిందీ యింగ్లీషులు గాని రాష్ట్రభాష గాని రానివాఁ డధ్యక్షుని యనుమతితో మాతృభాషలో మాటాడవచ్చును. ముద్రితమైన సభావాదముల సంపుటములు తెఱచినచో నొక పుటలో నుర్దూ, మఱియొక పుటలోఁ దెలుఁగు, వేఱొకచో మరాటీ, నడుమ నింగ్లీషును గానవచ్చును. ప్రశ్న యొక లిపి, సమాధాన మొక లిపి. ముప్పదియేండ్లక్రిందట నగరములోఁ దెలుఁగు మాటాడినవానిని నవ్విరి. ఇచటఁ దెలుఁగుపలుకు రాజపత్రమున నచ్చుపడినది. అనువాదకుల శ్రమ యెంతటిదో యూహింపవలసినదే.

సభ చేసిన శాసనములలో భూమికి సంబంధించినవి ప్రధానములు. 1950లోనే కౌలుదారీ చట్ట మొకటి పుట్టియుండెను. రక్షితకౌలుదారను పదము దానివలననే పల్లెలలో వ్యాపించినది. 1954లో సభ దానిని సవరించి, కుటుంబక్షేత్రమను ప్రమాణమును బెట్టి, దానికి నాలుగున్నర రెట్లకుఁ బైఁగల భూమిపై హద్దు విధించినది. 1955లో నీనాముల రద్దు చట్టము వచ్చినది. సంస్థానముల యీనాములతో నిండియున్న గద్వాల సీమ కీ రెండవది మిక్కిలి దగ్గఱది. దేవాలయపుఁ బూజారి మొదలు నీరటికాని దాఁక నీనాముపై బ్రతికినవా రిచట నెందఱో. చట్టములో వ్రాసినది పొలమునఁ జేరుటకు నేండ్లు పట్టినది. పట్వారి దస్త్రమున నెక్కని కౌలుదారునికి రక్షణ పేరునకే. ప్రతిపక్షము సభలో నీ మాటనే మరల మరలఁ జెప్పెను. వారి విమర్శము నిరాధారము కాదు.

1952 సెప్టెంబరులో ముల్కీ యాందోళనము చెలరేఁగినది. నగరమున సిటీకళాశాల చెంతఁ బోలీసుల తుపాకి కాల్పులలో జనులు మరణించిరి. జస్టిసు పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరపిరి. మంత్రివర్గ మేర్పడి యాఱునెలలు నిండకమునుపే వచ్చిన యీ యాపద దాని నదల్చినది గాని కూల్పలేదు. స్థానికుల యుద్యోగముల సమస్య మాత్ర మణఁగియుండి యనంతరకాలమున నెన్నిమాఱులు తలయెత్తినదో చదువరు లెఱుఁగుదురు.

ఇఁక ముఖ్యవిషయము. ఫజలు అలీగారి యధ్యక్షతను గుంజ్రు, పణిక్కరులు సభ్యులుగఁ గల రాష్ట్రపునర్విభజనసంఘము 1955 సెప్టెంబరు 30వ తేదీన నివేదిక నిచ్చినది. మరాటీ, కన్నడసీమలు తమతమ భాషారాష్ట్రములఁ జేరవలయుననియు, తెలంగాణము కొంతకాలము హైదరాబాదు రాష్ట్రమను పేర వేఱుగ నుండి, 1961 ప్రాంతపు నిర్వాచనము పిదప శాసనసభలో మూఁడింట రెండు వంతులవా రంగీకరించినచో నాంధ్రముతోఁ గలయవచ్చుననియు సంఘము సూచించెను. దీనిపై సభ 1955 నవంబరు 25 మొదలు డిసెంబరు 3 వఱకుఁ జర్చించెను. 147 మంది తమ మత మెఱిఁగించిరి. విశాలాంధ్రమున కనుకూలురు 103, ప్రతికూలురు 29, తటస్థులు 15. తెలంగాణసభ్యులను మాత్రము వేఱుగఁ జూచినచో ననుకూలురు 59, ప్రత్యేకరాష్ట్రము గోరినవారు 25.

ఈ సంఖ్యల నిరుపక్షములవారును దరువాతి వాదములలో నాయుధములుగ వాడుకొనిరి. వానిని జూచునప్పుడు మూఁడు సంగతులు మఱవరాదు. ఇవి సభ్యులు మాటాడిన మాటలను లెక్కించుటవలన వచ్చినవి గాని యోటు తీసికొనుటవలన వచ్చినవి కావు. అభిప్రాయమునకును సమ్మతికిని శబ్దభేదమే కాదు, అర్థభేదమును గలదు. రాజ్యాంగము మూఁడవ యనుచ్ఛేదము శాసనసభ యభిప్రాయమును దెలిసికొనవలయునన్నది గాని దాని సమ్మతిని బొందవలయుననలేదు. 1955 చివర జరిగిన యైదవ సవరణముతో నా యభిప్రాయమునకును గడువు పెట్టు నధికారము రాష్ట్రపతికి వచ్చినది. మఱియు, పక్షములకును మతములకును నిచటఁ బొంతన లేదు. ప్రతిపక్షమైన ప్రజాస్వామ్యకూటమి విశాలాంధ్రవాది. మంత్రులలోనే వెంకటరంగారెడ్డి, చెన్నారెడ్డి గార్లు ప్రత్యేకతెలంగాణమును గోరిరి. ముఖ్యమంత్రి యీ రెంటి నడుమ నుండిరి. కావున 59, 25 అను నంకెలు కాంగ్రెసునకుఁ బ్రతిపక్షమునకు నైన తగవు కాదు, కాంగ్రెసులోపలి చీలికను జూపునవి. ఇఁక మూఁడవది, ధరూరునకు సంబంధించినది. తెలంగాణసభ్యులను లెక్కించినవారు జిల్లాల పట్టికను ముందుంచుకొని లెక్కించినచో రాయచూరు జిల్లాలోని తెలుఁగుతాలూకాలు జారిపోవును. భాషనుబట్టి లెక్కించినచోఁ జేరును. ఏ పద్ధతి ననుసరించిరో చెప్పక సంఖ్యను మాత్ర ముదాహరించుట చరిత్రకారునకుఁ దగదు.

ఈ జారిపోవుట కేవలము కాగితముమీఁది మాట కాదు. జిల్లాను బ్రమాణముగాఁ గొనుట పునర్విభజనసంఘమువారి సామాన్యరీతి. రాయచూరు జిల్లాను జిల్లాగ నెత్తి మైసూరున నుంచినచో ధరూరువాఁడు తన పొలపుఁ బత్రమును గన్నడమునఁ జదివించుకొనవలసివచ్చెడిది. ఒక తరమువారి చదువు, వ్యాజ్యము, ఉద్యోగము నన్నియు నా గీఁతపై నాధారపడియుండెను. 1956వ సంవత్సరపు రాష్ట్రపునర్విభజనశాసనము జిల్లాను విడిచి తాలూకాకును, గొన్నిచోట్ల తాలూకాలోని సర్కిలుకును దిగినది. రాయచూరునుండి ఆలంపురము, గద్వాలలు, గుల్బర్గానుండి కొడంగల్లు, తాండూరులు, బీదరునుండి నారాయణఖేడు, నిర్ణా సర్కిలు తక్కఁ దక్కిన జహీరాబాదు, నాందేడునుండి ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లును తెలుఁగురాష్ట్రమునకు వచ్చినవి. ఆదిలాబాదునుండి కిన్వటు, రాజూరాలు మరాటీవైపు పోయినవి. గద్వాల, ఆలంపురములతోపాటు కొడంగల్లును మహబూబునగరము జిల్లాలోఁ జేర్పఁబడెను.

పొందినదానితోపాటు చిక్కును వచ్చినది. తుంగభద్రపై రాజోలిబండ యానకట్ట నైజామువారి కాలమున నారంభమైనది. ఆనకట్టయుఁ గాలువ మొదటిభాగమును మాన్వి తాలూకాలో, అనఁగా మైసూరునకుఁ బోయిన సీమలో నిలిచినవి. ఆ నీరు పాఱవలసిన యెనుబదియేడు వేల యెకరములు ఆలంపురము, గద్వాల తాలూకాలలో నుండి ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఒకే జిల్లాలోని కాలువ రెండు రాష్ట్రముల తగవయ్యెను. గీఁత గీచినవారు భాషను జక్కఁగఁ జూచిరి, నీటిపల్లమును జూడలేదు.

1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో జరిగిన పెద్దమనుష్యుల యొడంబడికపై నాంధ్రపక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లును, తెలంగాణపక్షమున బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి, మఱ్ఱి చెన్నారెడ్డి, జె. వి. నరసింగరావు గార్లును సంతకములు చేసిరి. ప్రత్యేకరాష్ట్రమును గోరిన మంత్రు లిరువురును గలియుటకు నియమములు వ్రాయించుకొని సంతకము చేసినవారిలో నుండుట గమనింపఁదగినది. శాసనసభ యభిప్రాయము చెప్పినది, ఎనమండుగురు నియమములు చెప్పిరి. సభలో నీ నియమములు పుట్టలేదు, కావున వానిని గాపాడు బాధ్యతయు నే సభకును గట్టిగఁ జెందలేదు. తరువాతి యేండ్ల కలఁతల కిది యొక ముఖ్యకారణమని నాకుఁ దోఁచుచున్నది.

1956 అక్టోబరు 31వ తేదీతో నా సభ ముగిసెను. మరాటీసీమల సభ్యులు బొంబాయిసభకును, గన్నడసీమలవారు మైసూరుసభకును బోయిరి. తెలంగాణమువారు క్రొత్త ఆంధ్రప్రదేశ శాసనసభలోఁ గలసిరి. ఆసిఫాబాదునుండి యెన్నికైన కొండా లక్ష్మణ్ బాపూజీగా రందు నుపాధ్యక్షులైరి. ముఖ్యమంత్రిత్వము సంజీవరెడ్డిగారికి వచ్చినది. బూర్గులవారు నవంబరులోనే కేరళకు గవర్నరుగఁ బోయి, 1960లో నుత్తరప్రదేశమునకు మాఱిరి. ఆంధ్రసభ్యులు 1955లో నెన్నికైనవారగుటచేఁ గొనసాగిరి. 1957లో నిర్వాచనము తెలంగాణమున మాత్రమే జరిగినది. ధరూరువారు తెలుఁగుజిల్లా ప్రజలుగ నోటు వేసినది నాఁటినుండియే.

సురవరమువారి ఇటికాలపాడును, వారు ప్రాతినిధ్యము వహించిన వనపర్తియు వారు పోయిన మూఁడేండ్లకు మహబూబునగరమను నొక్క జిల్లాలోఁ జేరినవి. 2016 అక్టోబరు వఱకు నట్లే యుండి, క్రొత్తజిల్లాల యేర్పాటుతో నొకటి జోగులాంబ గద్వాలకును, వేఱొకటి వనపర్తి జిల్లాకును జెంది, మరల నేటి కీవలావల జిల్లాలలో నున్నవి.